కోళ్ల లైను మీద ఆడవాళ్లు

"వీటిని ఎవరు తెమ్మన్నారు నిన్ను?" పెద్దవాళ్లు కట్టుకునే డైపర్ల ప్యాకెట్టును ఎవులాలియా మూడోసారి మొగుడి ముందుకు తోసింది.

"హెర్మీనియాకు జరిగింది నీకు జరగకూడదనే తెచ్చా," అన్నాడు నెమేసియో. "రెండు నెలలు కట్టుకో. చమురు బావుల్లోకి మళ్లీ మనుషుల్ని తీసుకుంటారు. అప్పుడు మానేద్దువు."

"తీసుకుంటారు మరి! టెక్సాస్ చమురంతా నీ కోసమే దాచారు," పొయ్యి దగ్గర నుంచి అతని తల్లి తోమాసా ఎత్తిపొడిచింది. వెంటనే కోడలి వైపు తిరిగింది. "అయినా ఇంటికి నీ జీతమొక్కటే కదమ్మా. కట్టుకుంటే ఎవరు చూడొచ్చారు?"

ఎవులాలియా పని కోళ్ల ఫ్యాక్టరీలో, కత్తితో మాంసం కోసే లైను మీద. కోళ్లు కొక్కేలకు వేలాడుతూ వస్తూనే ఉంటాయి, లైను ఆగదు. ఒంటికి వెళ్లాలంటే సూపర్‌వైజరు తలూపాలి. అరవై దగ్గరపడ్డ హెర్మీనియా మొన్న మూడుసార్లు చెయ్యెత్తింది. చివరికి నిలబడ్డచోటే తడిసిపోయింది. సూపర్‌వైజరు నవ్వుతూ, నెత్తురు కడిగే గొట్టంతో ఆమె కాళ్ల మీద నీళ్లు కొట్టాడు. అందరూ చూశారు. ఒక్క కత్తీ ఆగలేదు. తన కత్తీ ఆగలేదు. అదే ఆమెకు ఎక్కువ రోత.

ఆదివారం పూజయ్యాక చర్చి వెనక గదిలో ఆడవాళ్లు మొక్కజొన్న పొత్తుల ఆకులకు పిండి పూసి తమాలెలు చుడుతున్నారు. హెర్మీనియా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎవులాలియా వెళ్లి కూర్చుంది.

"పొద్దున లేచింది మొదలు నేను నీళ్లు ముట్టను. మీరెలా ఆపుకుంటున్నారే?" అని అందరినీ అడిగింది.

అదే లైను మీద పనిచేసే చాయో చేతిలో ఆకు పక్కన పెట్టింది.

"డైపర్లు," అంది చాయో. "పక్క ఊళ్లో కొంటా. మా అమ్మకని చెప్తా."

"మీ అమ్మ పోయి నాలుగేళ్లు కదే!"

"షాపువాడికి తెలుసా ఏంటి?"

"నేనూ అక్కడే కొంటా," అంది ఇంకొకామె. ఒక్కొక్కరే బయటపడ్డారు. హెర్మీనియా, ఎవులాలియాలతో కలిపి మొత్తం పదిహేడుమంది. నవ్వు మొదలై, మధ్యలోనే ఆగిపోయింది.

"ఫ్యాక్టరీ గేటు మీద రాశారుగా," చాయో పిండి చేతుల్ని దులిపింది. "చమురు, పశువులు, పత్తి, కోళ్లు మన రాష్ట్రం బలమని. ఆ బలం మన ఉచ్చలో నిలబడింది."

"గొంతెత్తితే సూపర్‌వైజరు గెంటేస్తాడు," అంది ఇంకొకామె. "సగం మందికి ఈ దేశంలో ఉండే కాగితాలు కూడా లేవు."

"నేను ఒక్కదాన్నే కాబట్టి కడిగాడు," అంది హెర్మీనియా. "పదిహేడుమందినీ గెంటితే కోళ్లు ఎవరు కోస్తారు? వాడి పెళ్లామా?"

వాదన తేలేసరికి తమాలెలు ఉడికిపోయాయి.

మధ్యాహ్నం ఇంట్లో అందరూ బల్ల దగ్గర కూర్చున్నాక, ఎవులాలియా పిల్లలకు వడ్డిస్తూ మెల్లగా చెప్పింది.

"రేపు నేను ఆ డైపర్లు కట్టుకోను. హెర్మీనియా చెయ్యెత్తగానే పదిహేడుమందిమీ కత్తులు దించి ఆమె వెంట బాత్రూముకు నడుస్తాం. పని పోవచ్చు. అత్తయ్యా, చిక్కుడు గింజలు కాస్త ఎక్కువ నానబెట్టండి. ఏం జరిగినా అందరం ఇక్కడికే వస్తాం."