కృపమణి గీయని దారి

మైదుకూరులో ఆదివారం మధ్యాహ్నం వేణుగోపాల్ ఎరువుల దుకాణం షట్టరు సగం దించి ఉంటుంది. లోపల యూరియా బస్తాల మధ్య ఒక బల్ల, చుట్టూ నలుగురైదుగురు. ఒకరు ఆట నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడతారు, పాచికలు వేస్తారు. బెంగళూరులో చదువుకుంటూ నేర్చుకున్న ఈ ఆటను వేణుగోపాల్ 2004లో ఊరికి తెచ్చాడు.

అతను నడిపితే కథ ముందే తయారై ఉంటుంది. ఏ కోటలో ఎవరు మోసం చేస్తారో, ఎవరి కోసం ఎవరు ప్రాణమిస్తారో అంతా అతని తలలో ఉంటుంది. ఆడేవాళ్ల కళ్లు తడవని ఆదివారాలు తక్కువ. బడిలో పాఠాలు చెప్పే కృపమణి పద్ధతి వేరు. తెల్లకాగితం పరిచి, ఒక ఊరూ ఒక కొండా గీసి ఊరుకుంటుంది. ఎవరు ఎటు పోతామంటే అటు కాగితం మీద దారి దానంతటదే పడుతుంది. పడ్డాక అక్కడ ఎవరుంటారో, ఏమంటారో ఆమె అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ఒక్క మనిషీ అతికించినట్టు ఉండడు.

ఆ ఆదివారం ఆట ఆమెది. ఆడేవాళ్లలో ఒకడైన హెన్రీ మనసు మాత్రం ఆటలో లేదు. పాస్టరుగా ఉన్న తండ్రి వేసవిలో పోయాడు. ఆ స్థానం తీసుకుంటాడో లేదో సాయంత్రంలోగా సంఘపెద్ద దావీదురాజుకు చెప్పాలి. తీసుకుంటాడనే ఊరంతా అనుకుంటోంది. వేణుగోపాల్ కథల్లో హెన్రీని మించిన వీరుడు లేడు. కృపమణి ఆటలో అతని పాత్ర కొన్ని వారాలుగా ఊరి బయటే నిలబడి ఉంది.

"నువ్వే చెప్పక్కా, యాడికి పోవాల?" అన్నాడు హెన్రీ.

కృపమణి టీ తాగుతూ కూర్చుంది. వేణుగోపాల్ ఉండబట్టలేక, ఇద్దరు దొంగల్ని మీదికి తోలితే వాడే పరుగెత్తుతాడని సలహా ఇచ్చాడు.

"నీ దొంగలు నీ కథలోనే ఉండనీలేప్పా," అందామె. "వాన్ని నిలబడనీ."

ఆమె గడియారం వైపు చూడలేదు, హెన్రీ వైపూ చూడలేదు. అలా ఖాళీగా వదిలిపెట్టడం ఎంత కష్టమో ఆట నడిపినవాళ్లకే తెలుసు. వేణుగోపాల్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

చివరికి హెన్రీ ఏమీ గీయని మూల మీద వేలు పెట్టాడు. "ఈడ ఏముండాది?"

"పోతే తెలుస్తాది."

"పోతా."

దారి పడింది. కాగితం అంచు దాటి, బల్ల కోడు వెంట దిగి, షట్టరు కింద నుంచి బయటికి పోయింది. హెన్రీ లేచి దాని వెంట నడిచాడు. నాలుగు రోడ్ల దగ్గర దోసకాయలమ్మే మనిషి బండిని కాస్త పక్కకు జరుపుకున్నాడు. దారి చర్చి గేటు ముందుకొచ్చింది. మెట్ల మీద కూర్చున్న దావీదురాజు లేచి నిలబడ్డాడు. దారి లోపలికి తిరగలేదు, కర్నూలు రోడ్డు పట్టింది.

"యాడికి పోతాండావప్పా?"

"తెలీదు మామా. పోయి చూడాల. నాయన జాగాలో నేను నిలబడలేను."

దావీదురాజు ఆ గీతను కాసేపు చూశాడు. దాన్ని తొక్కకుండా దాటి వచ్చి హెన్రీ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత ప్రొద్దుటూరుకు ఫోను చేసి, వచ్చే ఆదివారం ప్రసంగానికి ఇంకో పాస్టరును పంపమన్నాడు.