కిట్టనివాడి కిట్టు

తిరువూరు బస్టాండు ఎదురుగా పురుగుమందుల దుకాణం నడిపే సుందరరాజు పత్తికి పట్టే ఏ పురుగుకైనా చిటికెలో మందు చెప్పగలడు. తన మనసును తొలిచే పురుగుకి మాత్రం ఏ డబ్బాలోనూ మందు దొరకలేదు. ఆ పురుగుకి రోజూ మేత వేసేవాడు ప్రేమ్ కిరణ్. పాపం, వేస్తున్నట్టు ఆయనకే తెలియదు.

ప్రేమ్ కిరణ్ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ప్లాస్టిక్కు ముక్కలు జిగురుతో అతికించి, రంగులేసి, పాతకాలపు యుద్ధవిమానాల నమూనాలు చేసే పిచ్చివాళ్ళు ఊరు మొత్తానికి వాళ్ళిద్దరే. జెట్టు విమానాల పుణ్యమా అని జట్టు కట్టారు. కట్టాక గానీ సుందరరాజుకి తెలిసిరాలేదు, పక్కవాడు తనకన్నా బాగా కడతాడని.

ఇద్దరి మధ్యా ఒక పంపకం ఉండేది. వెండిరంగు విమానాలు ప్రేమ్ కిరణ్‌వి, పచ్చ బూడిదరంగు మచ్చలవి సుందరరాజువి. ఇది కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందం కాదు, ఎవరి చెయ్యి ఎటు పోతుందో చూసి కుదిరిన ఒప్పందం. మచ్చల రంగులో ఒక సుఖం ఉంది. అతుకు కుదరకపోతే దాని మీదొక పచ్చమచ్చ దించెయ్యొచ్చు. మచ్చలు వేస్తే మచ్చలు కనపడవు! వెండిరంగు అలా కాదు, అది చాడీకోరు. వెంట్రుకంత గీత ఉన్నా వచ్చిపోయేవాళ్ళందరినీ పిలిచి చూపిస్తుంది.

కిందటేడు గ్రంథాలయ వారోత్సవాల్లో లైబ్రేరియన్ ఆరాధన మేడమ్ ఒక బల్ల వేయించి, ఇద్దరి విమానాలూ పక్కపక్కన పెట్టించింది. ప్రేమ్ కిరణ్ వెండి విమానంతో జనం సెల్ఫీలు దిగారు. సుందరరాజు మచ్చల జాగ్వార్ విమానం దగ్గర ఆగింది ఒకే ఒక్కడు, రెడ్డిగూడెం నుంచి వచ్చిన మామిడి రైతు హనుమయ్య. దాన్ని ముందూ వెనకా పరీక్షగా చూసి, "రాజుగారూ, ఇది ఎకరానికి ఎంత మందు కొడుద్దండీ?" అని అడిగాడు. ఆ విమానానికి జరిగిన అవమానం సుందరరాజు గుండెలో ఇంకా దిగలేదు, గాలిలో గిరికీలు కొడుతూనే ఉంది.

అందుకే ఈ ఏడాది అతనికి ఒకే ఒక్క కోరిక. జనం తన విమానం చుట్టూ మూగాలి. అది ప్రేమ్ కిరణ్ చూడాలి. చూసి, ఒక్కసారైనా కుళ్ళుకోవాలి. 

సెప్టెంబరు చివర వాయుసేన మిగ్-21లకి వీడ్కోలు చెప్పింది. ఆ వేడుక టీవీలో వచ్చిన సాయంత్రమే ప్రేమ్ కిరణ్ ఫోను పట్టుకుని దుకాణానికొచ్చాడు. హైదరాబాదు షాపు నుంచి ఇద్దరికీ ఒకే పార్సిల్లో విమానం ముక్కల కిట్లు తెప్పించుకోవడం వాళ్ళ అలవాటు.

"రాజుగారూ, రెండే ఉన్నాయంట. ఒకటి మిగ్గు, ఒకటి హంటరు. రెండూ అసలు విమానంలో డెబ్బై రెండో వంతు సైజే. మిగ్గు పూర్తయితే జానెడుంటుంది" అంటూ ఫోటో చూపించాడు. "మిగ్గుకి వెండిరంగు, హంటరుకి మచ్చలు. చూడండి, ఆ ముక్కు మీద మెరుపు! చిన్నప్పట్నించీ చేద్దామనుకుంటున్నానండీ."

సుందరరాజు ఫోటో చూడలేదు, ఫోటో చూస్తున్న ప్రేమ్ కిరణ్ కళ్ళు చూశాడు. ఎదుటివాడి కంట్లో పడిన విమానం తన కంట్లో నలకైంది.

"సార్, ఆ మిగ్గు జోలికి మాత్రం పోకండి. రెక్కలు అతకవంట."

"అయ్యో! ఎవరన్నారండీ?"

"నెట్లో చూశా. ఏదో రష్యావాళ్ళ సైటు."

"మీకు రష్యన్ వచ్చా?"

"ఏడుపు ఏ భాషలోనైనా ఏడుపే కద సార్. అందరూ ఒకటే ఏడుపు."

అందులో ఒక ఏడుపు తన ముందే నిలబడి ఉందని ఆ అమాయకుడికి తట్టలేదు. "అయితే హంటరు ఒక్కటే తెప్పించి, మీరు చేసుకోండి. నేను వచ్చే యేడు చూసుకుంటాలే" అన్నాడు.

"ఛ ఛ, హంటరు మీకే. ఆ మిగ్గేదో నేనే మింగుతాను."

ప్రేమ్ కిరణ్ సుందరరాజు చెయ్యి పట్టుకుని, "నాకోసం చెడ్డ కిట్టు మీరు తీసుకుంటున్నారా! ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇలా!" అన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా? కాలేజీలో చెప్పాడు, చర్చిలో చెప్పాడు. దుకాణానికి వచ్చే రైతులు కూడా, "మీది పెద్ద మనసంటగా రాజుగారూ" అనడం మొదలెట్టారు. కిట్టనివాడి కిట్టు కొట్టేసినవాడికి ఊరంతా కిరీటం పెట్టింది. ఆ కిరీటం నెత్తిన ముళ్ళపందిలా గుచ్చుకుంది.

పార్సిలొచ్చింది. సుందరరాజు తలుపులేసుకుని పెట్టె విప్పాడు, ముక్కలు కోశాడు, ఒంటికి రెక్కలు ఆనించాడు. అతకలేదు! తాను అల్లిన అబద్ధం అక్షరాలా నిజమైంది. విమానానికి మచ్చలు లేకపోయినా అతని నాలుక మీద మచ్చ ఉందన్నమాట. 

లప్పం కూరాడు. గరుకుకాగితంతో రుద్దాడు. మళ్ళీ కూరాడు. రెక్క మొదట్లో సందు నవ్వుతూనే ఉంది. పైన వెండిరంగు కొట్టేసరికి ఆ నవ్వు ఇకిలింపైంది. ఆరిందో లేదో చూద్దామని వేలు ఆనిస్తే, తోక మీద బొటనవేలి ముద్ర రిజిస్ట్రారాఫీసులో వేసినంత స్పష్టంగా పడింది.

పోనీ అవతలివాడికీ చెడే ఉంటుందిలే, మచ్చల పని ఆయనకేం తెలుసు అని ఆశపడి ప్రేమ్ కిరణ్ ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య గ్లోరి టీ ఇచ్చింది. బల్ల మీద హంటరు ఉంది. పచ్చ ఎక్కడ ఆగిందో, బూడిద ఎక్కడ మొదలైందో గాలికి కూడా తెలియనంత మెత్తగా ఉంది.

"మీ జాగ్వార్‌ని చూసి నేర్చుకున్నానండీ. బానే వచ్చిందా?"

"బానే... ఉంది సార్." హంటరంటే కొరడా, దాని దెబ్బ వీపు మీద తగులుతుందనుకునేవాడు ఇన్నాళ్ళూ. ఇది నేరుగా కంట్లో తగిలింది. ఆ టీలో గ్లోరి చక్కెర వేసిందో లేదో కూడా అతనికి తెలియలేదు.

వారోత్సవాలు మొదలయ్యే రోజు పొద్దున్నే మిగ్గుని వరండాలో బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. వచ్చి చూస్తే, విమానం పెళ్ళికూతురైంది. ముక్కుకి అడ్డంగా మూడు పసుపు గీతలు, మధ్యలో ఆవగింజంత కుంకుమ బొట్టు. తోకకి చామంతి రేకులు గుచ్చిన దారం. పక్కనే పసుపు గిన్నె పట్టుకుని తల్లి మాణిక్యమ్మ, చేసిన పని తానే చూసుకుని మురిసిపోతోంది.

"అమ్మా! ఏంటే ఇది!"

"ఏంట్రా అరుపులు? మీ నాన్న ట్రాక్టరు కొన్నా, నువ్వు స్కూటరు కొన్నా, నెమలి ఊళ్ళో గుడికి తీసుకెళ్ళి స్వామి ముందు పూజ చేయించకుండా గేరేశామా? నువ్వు దీన్ని నెమలి తీసుకెళ్ళే రకానివి కాదని ఇక్కడే కానిచ్చా."

"అది బండి కాదే, బొమ్మ!"

"బొమ్మకోసమేనా నెల్రోజులు సరిగ్గా అన్నం తినకుండా అఘోరించావు? రెక్కల దగ్గర పగుళ్ళిచ్చింది, గడపకి రాసినట్టు అక్కడ కూడా పసుపు రాశా. తోక మీద ఎవరిదో వేలిముద్ర పడితే దాని మీద బొట్టెట్టా. చక్రాల కింద నిమ్మకాయ పెడదామంటే దాని కాళ్ళు విరిగేటట్టున్నాయి. అందుకే మిరియాలు పెట్టా."

తడిగుడ్డతో తుడవబోయాడు. పసుపుతోపాటు వెండీ ఊడొచ్చింది. గుడ్డ పక్కన పడేశాడు. అట్టపెట్టెలో పెట్టుకుని, మోసుకెళ్తున్నది విమానమో తన పరువో తెలియని నడకతో లైబ్రరీకి చేరాడు. తిరిగి పారిపోదామనుకునేలోపు ఆరాధన మేడమ్ పెట్టె తెరిచి, విమానాన్ని బల్ల మీద పెట్టి, మాణిక్యమ్మ పెట్టెలో వేసిన మిరియాలు కూడా జాగ్రత్తగా చక్రాల కిందికి సర్దేసింది.

ముందు ఒకావిడ చూసి పకాలున నవ్వింది. తరవాత మొగుణ్ణి పిలిచింది. కాసేపటికి బల్ల చుట్టూ చీమ దూరే సందు లేదు. "ఒరేయ్, మిరియాలు చూడండ్రా!" "మనూరి మిగ్గంటే ఇట్టాగే ఉంటది!" ఫోన్లన్నీ అటే తిరిగాయి. పక్కన హంటరు, తలుపు తీయని ఇంటి ముందు నిలబడ్డ చుట్టంలా ఒంటరిగా ఉండిపోయింది.

ప్రేమ్ కిరణ్ జనాన్ని తప్పించుకుని వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మిరియాలు..." అన్నాడు. "నిమ్మకాయకి డెబ్బై రెండో వంతు! రాజుగారూ, నాకెందుకు తట్టలేదండీ ఇది?"

ఆయన కంటి చివర చిన్న అదురు. సుందరరాజు ఆ అదురుని పోల్చుకున్నాడు. ఏళ్ళ తరబడి అద్దంలో చూస్తున్నదే! వచ్చింది, ఇన్నాళ్ళకి వచ్చింది. ఛాతీ ఉబ్బింది, ఒళ్ళంతా రన్‌వే మీద ఉన్నట్టుంది.

"ఎవరిదండీ ఈ ఆలోచన?"

సుందరరాజు నోరు తెరిచాడు.

"నాదే నాయనా" అంది మాణిక్యమ్మ. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని వెంటేసుకుని అప్పుడే లోపలికొచ్చింది.

గుంపు మొత్తం ఆవిడ వైపు తిరిగింది. ప్రేమ్ కిరణ్ చేతులు జోడించాడు. "అమ్మా, అద్భుతం! మీ అబ్బాయి కూడా గొప్పోడు. నాకోసం చెడ్డ కిట్టు తను తీసుకున్నాడు."

"వీడా?" ఆవిడ కొడుకుని ఎగాదిగా చూసింది. "పక్కోడి పళ్ళెంలో గారె పెద్దదుందని పీట మీంచి లేచి ఏడ్చినోడు నాయనా వీడు."

ప్రేమ్ కిరణ్ నవ్వు సగంలో ఆగింది. సుందరరాజు వైపు తిరిగాడు. "రెక్కలు నిజంగానే అతకలేదా రాజుగారూ?"

"నిజంగానే సార్, మా అమ్మ తోడు." అతని జీవితంలో ఇంత నిజం చెబుతూ ఇంత చెమట పట్టడం అదే మొదలు.

ప్రేమ్ కిరణ్ ఆ చెమట వంక ఒకసారి చూసి ఫోను తీశాడు. "అమ్మా, వచ్చే యేటి కిట్లు మీరే ఎంచి పెట్టాలి. ఇటు కూర్చోండి" అని కుర్చీ లాగాడు. మాణిక్యమ్మ కళ్ళజోడు సర్దుకుని బొమ్మ తరవాత బొమ్మ చూసింది.

"ఈ మెరిసేది నువ్వు చెయ్యి నాయనా. మావాడి చేతిలో మెరుపు నిలవదు. వాడికి ఆ మచ్చలది ఇవ్వు, వాడికదే అచ్చొచ్చుద్ది. ఇదేంటి, ముక్కు చెక్కేసినట్టుంది?"

"అది చెప్తానమ్మా..." ప్రేమ్ కిరణ్ ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెప్పసాగాడు. ఆవిడ 'ఊఁ' కొడుతోంది. ఇన్నేళ్ళలో ఒక్క విమానం పేరు కూడా తనని అడగని తల్లి!

సుందరరాజు ఇంకాసేపు ఓర్చుకున్నాడు. తరవాత జేబులోంచి తన ఫోను లాగి, ఇద్దరి మధ్యా దూరాడు.

"అమ్మా, ఇటు చూడవే. నా ఫోన్లో ఇంకా పెద్ద బొమ్మలున్నాయి."