ఇసికేలి అడుగుజాడలు

"వచ్చే క్రిస్మస్‌కల్లా నీ గడప నుంచి రేవు దాకా సిమెంటు దారి పడుతుంది ఇసికేలీ. ఇది నా మాట" అన్నాడు ఊరిపెద్ద సకెనాసా, అందరి ముందూ, యంగోనా వేరు నూరి కలిపిన పానీయం మొదటి చిప్ప తాగి. మొదటి చిప్ప తాగి అన్న మాట మా దీవిలో రాతి మీద గీత. రెండు క్రిస్మస్‌లు వెళ్ళిపోయాయి. దారి లేదు.

పొద్దున్నే ఇసికేలి నాయనమ్మ, ఊరంతటికీ బూబూ, కసావా దుంపలు పొయ్యి మీద పెట్టి మనవణ్ణి చక్రాల కుర్చీలోకి చేరుస్తుంది. కండరాలు కరిగే జబ్బు చిన్నప్పుడే తొడల్లో దిగి, ఇప్పుడు భుజాల దాకా పాకింది. వరండాలో కూర్చోబెట్టాక బూబూ ఇసుక వైపు చూస్తుంది. "ఇవాళ నీ పాదాలు పెందలాడే బయల్దేరాయిరా."

ఇసికేలి నడక ఆగిపోయినా అతని అడుగుజాడలు ఆగలేదు. మెట్టు దగ్గర మొదలై, ఒక్కొక్కటే ఇసుకలో పడుతూ రేవుకు వెళతాయి. కాళ్ళు సన్నబడేకొద్దీ జాడలు లోతవుతున్నాయి. ఎదురొచ్చిన పిల్లలు పక్కకు తప్పుకుంటారు.

ఇసికేలికి మాత్రం కడుపుమంట.

"నిన్న సెరెయానా చేపలు తోముతుంటే నీ పాదాలు పక్కనే నిలబడ్డాయి బావా. పిల్ల నవ్వింది కూడా" అన్నాడు మేనమామ కొడుకు రోపాటే.

"నన్నడిగి వెళ్ళాయా?"

"ఎందుకంత కుళ్ళు? నీవేగా!"

"నావైతే నన్నూ తీసుకెళ్ళాలి. నా కండ తిని బలిసి, నా బదులు సరసాలాడుతున్నాయి. తెల్లదొరలు చేసిందీ ఇదే."

"పుస్తకాలు తగ్గించు బావా, అరగడం లేదు."

అతనికి కావలసింది ఒక్కటే. చేతుల్లో పట్టుండగానే, చక్రాలు తానే తోసుకుంటూ రేవుకు వెళ్ళాలి. ఇసుక చక్రాల్ని మింగేస్తుంది. అందుకని నలుగురూ అతన్ని బస్తాలా ఎత్తి పడవలో దించుతారు, పాపం అంటూ. హక్కు అడిగినవాడికి జాలి వడ్డిస్తారు. మొన్నటిదాకా టీ కప్పు ఒంటిచేత్తో ఎత్తేవాడు. ఇప్పుడు రెండు చేతులూ కావాలి.

జూన్‌లో ఆ దారి కోసమే సిమెంటు దిగింది. సకెనాసా దాన్ని రగ్బీ మైదానానికి మళ్ళించాడు. దీవి చూడవస్తున్న పెద్ద అధికారికి వేదిక కావాలట.

"అతిథి మర్యాదరా. దారి ఎక్కడికీ పోదుగా!"

"నా చేతులు పోతున్నాయి పెదనాన్నా" అన్నాడు ఇసికేలి.

ఆ సాయంత్రం రోపాటే రొప్పుతూ వచ్చాడు. "బావా, నీ పాదాలు తడి వేదికెక్కాయి. అతిథి కుర్చీ వేసే చోటే నిలబడిపోయాయి!"

తెల్లారేసరికి సిమెంటు బిగిసింది. పూడ్చమంటే తాపీవాళ్ళు చేతులు కట్టుకున్నారు. మనిషి పాదాల మీద సిమెంటు పోస్తారా ఎవరైనా? కుర్చీ వేయడానికీ లేదు. పక్కనుంచి వెళ్ళాలన్నా, కూర్చున్న మనిషిని దాటినట్టే, నడుం వంచి "తులౌ" అని మన్నింపు అడగాలి.

ఇంటిముందు ఇసుక నున్నగా ఉంది. ఇసికేలికి వాటిమీద బెంగ కలిగింది. అంతలోనే మళ్ళీ మంట. నేను నిలబడాల్సిన చోట అవి నిలబడ్డాయి!

అధికారి వచ్చిన రోజు ఇసికేలి అన్నాడు: "ఆ పాదాలు నావి. ఆ చోటూ నాదే. మొయ్యండి."

మోయమని అతను నోరు తెరిచి అడగడం అదే మొదలు. వేదిక నడుమ కుర్చీ దించి, కాళ్ళు ఆ గుంటల్లో పెట్టారు. గుంటలు వదులు. ఎంత బలిశాయి నా మీద, అని పళ్ళు నూరాడు. అడుగున సిమెంటు ఒంటి వేడిలా వెచ్చగా ఉంది.

అధికారి కింద చాప మీద కూర్చున్నాడు. మొదటి చిప్ప వేదిక నడిమి చోటుకే చెల్లుతుంది. సకెనాసా చిప్ప పట్టుకుని, వంగి వంగి వచ్చాడు.

"తులౌ, బాబూ. పాదాలు తియ్యరా. దారి వేయిస్తాను."

"ఎప్పుడు?"

"త్వరలో..."

"ఆ తేదీ ఏ క్యాలెండర్లో ఉంది పెదనాన్నా?"

చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఇసికేలి రెండు చేతులతో చిప్ప ఎత్తాడు. వణికింది, ఒలికింది, పెదవికి చేరింది. చివరి చుక్క దాకా తాగి, ఊరంతా వినేలా అన్నాడు:

"ఆగస్టు ముప్పై ఒకటి."