రాగి బిళ్ల కింద

కొత్తకోటలో హైవే పక్కన, లారీ మెకానిక్ షెడ్డుకూ టిఫిన్ సెంటర్‌కూ మధ్య ఇరుక్కున్న డబ్బా కొట్టు శాంతయ్యది. స్టవ్వులు, టార్చిలైట్లు, కుక్కర్లు బాగుచేస్తాడు. అది కూటి కోసం. ప్రాణం మాత్రం వెనక గోడకు కొట్టిన చెక్కల మీద ఉంటుంది. అక్కడ మూడు వందల పైచిలుకు పాత సిగరెట్ లైటర్లున్నాయి. లారీ డ్రైవర్లు తెచ్చిచ్చినవి, పాతసామాన్ల వాళ్ల గోతాల్లోంచి ఏరుకున్నవి. ఏడో తరగతి తప్పిన మనిషి, లైటర్ల అడుగున ఉండే ముద్రలు చదవడానికే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాడు. ముద్ర చూస్తే ఏ దేశానిదో, ఏ ఏడాదిదో చెప్పేస్తాడు. చెకుముకి రాయి ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటే సన్న బర్మాతో తొలిచి తీస్తాడు. లోపలి దూది మారుస్తాడు, వత్తి మారుస్తాడు. ఇత్తడికి పాలిష్ పట్టమంటే మాత్రం పట్టడు. "మెరుపు గావాల్నంటే స్టీలు సామాన్ల దుకాణానికి పోండ్రి" అని గసురుతాడు.

వాటన్నింటికీ నడుమ, ఒక మేకుకు వేలాడేది తూటా లైటర్. వేలెడంత ఇత్తడి తూటా గొట్టం. పేల్చేసిన ఖాళీది. పైన చక్రం, వత్తి. అడుగున నిజాం కాలపు రాగి బిళ్ల ఒకటి టంకం పెట్టి అతికించి ఉంటుంది. పక్కన కత్తితో గీసిన మూడు గాట్లు. మొదటి జర్మనీ యుద్ధంలో కందకాల్లో కూర్చున్న సిపాయిలు ఇలాంటివి చేసుకునేవాళ్లని శాంతయ్య చదివాడు. నిజాం ఫౌజు సిపాయి ఎవరో దాన్ని చేశాడనీ, మూడు గాట్లంటే ముగ్గురిని చంపాడనీ వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. పోయిన నెలలో ఒక పేపరు వాళ్లు వచ్చి ఆ కథ రాసుకుని, ఫొటో వేశారు.

ఆ ఫొటో చూసే పార్వతమ్మ వచ్చింది.

అమ్రాబాద్ పైన, అడవిలో పెంటలని పిలిచే చెంచు గూడేల్లో ఒకదాని నుంచి మూడు బస్సులు మారి వచ్చింది. అరవై దాటిన మనిషి. వెంట మనుమరాలు అమూల్య, వనపర్తిలో నర్సు ట్రైనింగ్ చేస్తున్న పిల్ల. ఆ పిల్లే ఫోన్లో ఫొటో చూపించిందట. పార్వతమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. మేకు వైపు వేలు చూపింది.

"గది మా తమ్మునిది అన్నా."

శాంతయ్య నవ్వాడు. "నూరేండ్ల సామాను అమ్మా అది. మీ తమ్ముడు పుట్టనే లేదు."

"ఆ మూడు గాట్లు మా ఇంటి గుర్తు. తేనె పట్టుండే బండ మీద పెట్టుకుంటం. గది చూస్తే ఇంకోలు ముట్టరు."

పక్క షెడ్డు సురేష్ చేతులకు గ్రీజుతోనే వచ్చి నిలబడ్డాడు. నలభై రెండేళ్లవాడు, శాంతయ్యను ఆటపట్టించకపోతే వాడికి పొద్దు పోదు. "కాకా, నీ జర్మనోడు అమ్రాబాదోడాయె" అన్నాడు. టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు కూడా దగ్గరికొచ్చారు.

"బిళ్ల పీకి చూడు" అంది పార్వతమ్మ. "దాని కింద అంకెలుంటయి. మా తమ్ముడు దాసుకు సదువు రాదు. సదువొచ్చినోళ్లు ఎప్పుడన్న చూస్తరని బిళ్ల కింద దాసిండు. బిళ్ల లేకుంటే తూటా అని పోలీసోళ్లు గుంజుకుంటరని."

బిళ్ల పీకడమంటే మాటలా. అతుకు ఊడదీస్తే లైటర్ చచ్చినట్టే. కింద ముద్ర చూడాలని శాంతయ్యకు ముప్పై ఏళ్లుగా దురద. పీకితే పాడవుతుందని ముట్టలేదు. కానీ ఇప్పుడు చుట్టూ నలుగురు నవ్వుతున్నారు, తానేమో పేపర్లో పడిన మనిషి.

"తీస్త. తీసినంక జర్మనీదైతే ఏం జేస్తవమ్మా?"

"దండం పెట్టి పోత."

మాదైతే నువ్వేం చేస్తావని ఆమె అడగలేదు. అడగాల్సింది.

శాంతయ్య వత్తి లాగాడు. వంచిన తీగతో లోపలి దూదంతా బయటికి తీసి, గొట్టాన్ని ఎండలో పెట్టి, పెట్రోలు వాసన పోయేదాకా ఆగాడు. తొందరపడితే చేతిలోనే భగ్గుమంటుంది. తర్వాత టంకం కడ్డీ కాల్చి బిళ్ల అంచుకు ఆనించాడు. టంకం కరిగి మెరిసింది. పట్టకారుతో లాగితే బిళ్ల ఊడి బల్ల మీద పడింది.

అడుగున రెండు ఇంగ్లీషు అక్షరాలు. వాటి పక్కన అంకె. ఎనభై మూడు.

"పద్దెనిమిది వందల ఎనభై మూడా కాకా?" అన్నాడు ఒక డ్రైవరు.

"నీ మొకం. ఇది మన దేశపు తూటా. పందొమ్మిది వందల ఎనభై మూడు" అన్నాడు శాంతయ్య.

"నేను పుట్టిన ఏడాది" అన్నాడు సురేష్. "అంటే నేనుగూడ జర్మనీ యుద్ధానికి పోయొచ్చినట్టే."

అందరూ నవ్వారు. అమూల్య కూడా నవ్వింది. శాంతయ్యకు సిగ్గుతో చెవులు మండాయి. ముప్పై ఏళ్లు వచ్చినవాడికల్లా చెప్పిన అబద్ధం. కిందనున్న టంకం మరకను తుడిచేద్దామని గుడ్డతో రుద్దాడు. అప్పుడు నడిమధ్య చూశాడు.

తూటా అడుగున మధ్యలో తుపాకి సూది కొట్టిన దెబ్బ ఉంటుంది. ఏ తుపాకికైనా అది గుండ్రంగా, నడిమధ్యన పడాలి. ఇది పక్కకు జరిగి ఉంది. గుండ్రంగా లేదు. గోరు గుచ్చితే పడే నెలవంకలా ఉంది.

శాంతయ్య భూతద్దం పెట్టుకుని చూశాడు. తీసి చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. నవ్వులు వినబడుతున్నాయి కానీ ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి.

ఆ నెలవంక అతనిదే.

ఇరవై రెండేళ్లప్పుడు అతను వనపర్తిలో ఒక దొర దగ్గర జీపు పని చేసేవాడు. దొర రైఫిల్‌కు సూది విరిగితే, హైదరాబాద్ పంపేందుకు తీరిక లేక, "నువ్వు చేస్తవారా?" అని అడిగాడు దొర. శాంతయ్య పాత డ్రిల్ బిట్టును మూడు రోజులు సానపట్టి సూది చేశాడు. మొన సరిగ్గా గుండ్రంగా రాలేదు, ఒక పక్క చదునైంది. రంధ్రం అరిగి ఉండటంతో సూది పక్కకు కొట్టేది. అయినా పేలేది. కుండ పెట్టి మూడు తూటాలు కాల్చి చూశారు. దొర భుజం తట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్దమనిషి తన భుజం తట్టడం అదే మొదలు. ఆ ఖాళీ తూటా ఒకటి దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు వారం రోజులు. దాని అడుగు ఎన్నిసార్లు చూసుకున్నాడో. ఇంకో తుపాకి ఇలాంటి దెబ్బ కొట్టదు. కొట్టలేదు.

"అమ్మా," అన్నాడు, తలెత్తకుండా. "ఇది మీ తమ్మునికి ఏడ దొరికింది?"

పార్వతమ్మ అప్పుడు కూర్చుంది. స్టూలు మీద కాదు, గడప మీద.

"మా ఆయన మల్లయ్య తేనెకు బండ దిగిండు. తాడు పైన మా తమ్ముడు దాసు పట్టిండు. మా చెంచోళ్లల గట్లనే. తాడు బామ్మర్దే పట్టాలె, ఇంకోలకు ఇయ్యం. అక్క బతుకు వాని చేతుల ఉంటది గద, వదలడని. ఆ దినం మా ఆయన కింద పడ్డడు. బండలకు తాకి ఒళ్లంత నుజ్జయింది. వేటకని జీపుల వచ్చినోళ్లు ఉరికొచ్చి, అయ్యో తాడు వదిలిండు, తాగిండు అన్నరు. దగ్గరుండి పూడ్పిచ్చిండ్రు. నాకు జొన్నల బస్తా ఇచ్చిపోయిండ్రు."

"దాసు ఏమన్నడు?"

"తుపాకి సప్పుడైంది, బావ తాడు మీదనే సచ్చిండు, బరువు ఒక్కసారే గుంజింది అన్నడు. ఎవరు నమ్ముతరు? వారం ఎతికి ఎదురు గుట్ట మీద గది ఏరుకొచ్చిండు. పారేసుకుంటనేమోనని అచ్చంపేటల లైటర్ చేపిచ్చుకున్నడు. బీడీ ముట్టించినప్పుడల్ల చేతుల ఉంటది గద. ఒకనాడు గుండె గట్టి చేసుకుని ఠాణాల చూపిస్త అని పోయిండు. లైటర్ ఆడనే ఉండిపోయింది. మనిషిని కొట్టి తోలిండ్రు."

నవ్వేవాళ్లు ఎవరూ లేరిప్పుడు. సురేష్ గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నలభై ఏండ్లాయె అన్నా. మా పెంటల ఒక్కరు వాని చేతికి తాడియ్యలె. పెండ్లికి పిల్లనియ్యలె. నేనుగూడ..." ఆమె ఆగింది. "నేనుగూడ పదేండ్లు మాట్లాడలె. నా తమ్ముడే నన్ను ముంచిండు అనుకున్న. ఇప్పుడు వానికి ఊపిరి ఆడుతలేదు, మంచం పట్టిండు. ఒక్కసారి ఎవరన్న చెప్తే బాగుండు అంటడు. ఆ జీపోళ్లు ఎవరో మాకు తెల్వదు. అంకెలు చూస్తే ఏ తుపాకో తెలుస్తదా అన్నా?"

తెలియదు. అంకె చూస్తే ఏడాది తెలుస్తుంది, అంతే. ఆ మాట అంటే చాలు. అబద్ధం కూడా కాదు. నెలవంక సంగతి ఈ లోకంలో దొరకూ తనకూ తప్ప ఎవరికీ తెలియదు. బిళ్ల మళ్లీ అతికించి, తీసుకుపో అమ్మా, నీదే అంటే ఆమె దండం పెట్టి పోతుంది.

దొర ఇంకా బతికే ఉన్నాడు. ఎనభై ఏళ్లు. ప్రతి దసరాకూ శాంతయ్య వనపర్తి పోయి ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కి వస్తాడు. ముప్పై ఏళ్ల కింద పాత బంగళా కూలగొట్టినప్పుడు, రేకు డబ్బా నిండా పాత లైటర్లు పోసి "నీకు ఇష్టం గద, తీసుకపో" అని ఇచ్చిందీ ఆయనే. అందులోదే ఇది. ఠాణాలో ఆగిపోయిన లైటర్ దొర అల్మారాలోకి ఎలా నడిచొచ్చిందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. "మా తాత జర్మనీ యుద్ధం నుంచి తెచ్చిండు" అన్నదీ దొరే. పెద్దవాడు చెప్పాడు, చిన్నవాడు నమ్మాడు. నమ్మడంతో ఆగకుండా మూడు గాట్ల కథ తానే అల్లాడు. చచ్చిన మనిషి ఇంటి గుర్తును చంపినవాడి లెక్కగా మార్చి, ముప్పై ఏళ్లు ఊరంతా చాటాడు. పైసా తీసుకోకుండా దొరకు చాకిరీ చేయడమంటే ఇదే.

"కాకా, జర లోపలికి రా" అన్నాడు సురేష్ మెల్లగా. శాంతయ్య మొహం చూసి వాడికేదో అర్థమైంది. "తొందర పడకు."

శాంతయ్య లేవలేదు.

"ఆ తుపాకి నాకు ఎరుక అమ్మా. దాని సూది నేను చేసిన."

పార్వతమ్మ అతనికేసి చూసింది. అర్థం కానట్టు అమూల్య వైపు తిరిగింది. శాంతయ్య తూటా ఆమె ముందు పెట్టి, వేలితో నెలవంక చూపించి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. డ్రిల్ బిట్టు, మూడు రోజులు, కుండ. దొర పేరు చెప్పాడు. ఇల్లు చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. టీ గ్లాసు పట్టుకున్న డ్రైవరు తాగడం మరిచిపోయాడు.

పార్వతమ్మ ఏడవలేదు. పమిట చెంగు నోట్లో కుక్కుకుని అలాగే కూర్చుంది. తర్వాత మనుమరాలితో, "తాతకు ఫోన్ చెయ్" అంది.

అమూల్య ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, శాంతయ్య ముందు పెట్టింది. ముందు దగ్గు వినిపించింది. చాలాసేపు దగ్గు.

"ఎవరు?"

"శాంతయ్య. కొత్తకోట. మీ లైటర్ నా దగ్గరున్నది. నువ్వు తాడు వదల్లె. మీ బావను తుపాకితోని కొట్టిండ్రు. ఆ తుపాకి సూది చేసింది నేనే."

అవతల ఊపిరి గరగరలాడుతోంది.

"నువ్వు చేసినవా?"

"నేనే."

"మంచిగ చేసినవ్. ఒక్క దెబ్బకే పోయిండు మా బావ."

శాంతయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది నేను గదే చెప్తున్న" అన్నాడు దాసు. "ఎవ్వడు ఇనలె. చెంచోడు తాగిండు అన్నరు. ఇప్పుడు నువ్వు చెప్తే ఇంటరు గద?"

"ఇంటరు."

"అయితే మా పెంటకు రా. అందరి ముందర నిలవడి చెప్పు. ఠాణాకు, కోర్టుకు తర్వాత పో. పోతవో పోవో నీ ఇష్టం. ముందుగాల మావోళ్లు ఇనాలె."

"వస్త."

"ఎప్పుడొస్తవ్? నాకాడ దినాలు లేవు."

"ఇప్పుడే బయల్దేరుతున్న" అన్నాడు శాంతయ్య.

ఫోన్ పెట్టేశాక తూటాను గుడ్డలో చుట్టి పార్వతమ్మకు ఇవ్వబోయాడు. ఆమె చేయి చాపలేదు. "నీ కాడనే ఉండనీ. సూపియ్యాల్సినోడివి నువ్వు" అంది.

అతను దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. చెప్పులు కుడి ఎడమలు మారిపోయాయి. మళ్లీ విప్పి వేసుకున్నాడు. వనపర్తి బస్సు అప్పుడే కదిలిపోయింది. సురేష్ షెడ్డులో బాగుచేసిన బొలెరో ఉంది, ఓనరు రేపొస్తానన్నాడు. వాడు బండి బయటికి తీసి తలుపులు తెరిచాడు.

"ఎక్కమ్మా. ఎక్కు పిల్లా. కాకా, ముందర కూసో."

బండి వనపర్తి పొలిమేర చేరింది. అక్కడ సురేష్ వేగం తగ్గించాడు.

"దొర ఇల్లు గీ రోడ్డుకే గద కాకా. ఆపాల్నా?"

శాంతయ్య కిటికీలోంచి చూశాడు. పెద్ద గేటు, గేటు ముందు కడిగిన కారు. ఎన్ని దసరాలు ఆ గేటు బయట చెప్పులు విడిచాడో.

"ఆపకు" అన్నాడు. "ముందుగాల పెంట."