వంకల సారు షాపు

ఫ్యాక్టరీలో మా ఆయన్ని అందరూ వంకల సారు అనేవారు. ప్రెషర్ కుక్కర్ల ఫ్యాక్టరీ అది. తయారైన ప్రతి కుక్కరూ బయటికి వెళ్ళేముందు ఆయన బల్ల మీదికి రావాలి. మూత అంచున వెంట్రుకంత పగులున్నా సరే, పక్కన పెట్టేసి, రిపోర్టు రాసి, కింద సంతకం చేసేవారు. ముప్పై నాలుగేళ్ళు అదే పని. పోనీ ఇంటికొచ్చాకైనా మానేవారా అంటే, అదీ లేదు. కూరలో ఉప్పు రవ్వంత తక్కువ, గోడ గడియారం రెండు నిమిషాలు వెనక, కిటికీ తెర ఒక వేలు వంకర. నా వంటని ‘బాగుంది’ అని ఒక్కనాడు అన్న పాపాన పోలేదు. కడుపు మండి ఓసారి గరిటె విసిరికొట్టాను. దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, కాడ వదులైందని చెప్పారు.

రిటైరయ్యాక మొదటి రెండు నెలలు ఇంట్లో స్విచ్చులన్నీ తనిఖీ చేశారు. ఆ తరవాత చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా లోపలికి దోపుకుని, ముందుగదిలో కుర్చీలో కూర్చునేవారు. సాయంత్రానికీ అక్కడే. మాట తగ్గింది, తిండి తగ్గింది. ఒకరోజు గడియారం పది నిమిషాలు వెనకబడినా ఏమీ అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఐస్‌క్రీమ్ కంపెనీ ప్రకటన పేపర్లో చూసింది నేనే. షాపు మనది, పేరు వాళ్ళది, సరుకు వాళ్ళది, పద్ధతులూ వాళ్ళవే. నేనే పోరు పెట్టి ఒప్పించాను. రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా అందులో పోశాం. కంపెనీవాళ్ళు పద్ధతుల పుస్తకం ఒకటి ఇచ్చారు, రెండువందల పేజీలు. ఈయన దాన్ని పరీక్షకి చదివినట్టు చదివారు. ఫ్రీజర్ మైనస్ పద్దెనిమిదిలో ఉండాలి, స్కూపు కడిగే నీళ్ళు గంటకోసారి మార్చాలి, టోపీలోంచి ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకూడదు. నెల తిరక్కముందే మనిషి మొహంలో కళ వచ్చింది. తెల్ల టోపీ పెట్టుకుని, మెడలో థర్మామీటరు వేలాడేసుకుని ఫ్రీజర్ల మధ్య తిరుగుతుంటే, కొత్త పెళ్ళికొడుకులా ఉన్నారని ఏడిపించాను. టోపీ వంకరగా ఉందేమో చూసి చెప్పమన్నారు.

షాపు కట్టేసేముందు రోజూ కంపెనీకి ఒక ఫారం పంపాలి. ముప్పైరెండు ప్రశ్నలు. ఒక్కోదానికి ‘సరిగా ఉంది’, ‘లోపం ఉంది’ అని రెండు గళ్ళు. అంటే మన షాపులో తప్పులు మనమే రాసి మనమే పంపాలన్నమాట. ఫోను మీద ఈయన వేలు ఒకటి నొక్కబోతే ఇంకోటి నొక్కుతుంది. అందుకని ఈయన కాయితం మీద రాస్తే, అది చూసి ఫోన్లో ఎక్కించే పని నాది. “మధ్యాహ్నం మూడున్నరకి రెండో ఫ్రీజర్ మైనస్ పదిహేను. కారణం: మూత సరిగా వెయ్యలేదు. బాధ్యత: నాదే.” ఇలా ఉండేవి ఆ రాతలు. నేనూ ఉన్నదున్నట్టు ఎక్కించేదాన్ని.

నెలాఖరుకి నోటీసు వచ్చింది. నెలలో లోపాలు పన్నెండు దాటితే ఒక నోటీసు. రెండో నోటీసు వస్తే షాపు రద్దు, కట్టింది వెనక్కి రాదు. మా లోపాలు నలభై ఒకటి. ఏరియా మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. మంచివాడే పాపం. కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, అన్ని షాపులవాళ్ళూ కళ్ళు మూసుకుని ‘సరిగా ఉంది’ నొక్కేస్తారని, పైన వాటిని చదివే నాథుడే లేడని, కంప్యూటర్ అంకె ఒక్కటే చూస్తుందని చెప్పాడు.

“చదవనివాళ్ళు అడగడం ఎందుకండీ?” అన్నారు మా ఆయన.

ఆ రోజు కూడా మూడు లోపాలు రాసి నా చేతికిచ్చారు. బతిమాలాను. దండం పెట్టాను. ముక్కుసూటితనం ఫ్యాక్టరీలో చెల్లింది గానీ ఇక్కడ మన నెత్తికి చుట్టుకుంటుందన్నాను. చీమ కుట్టినట్టయినా లేదు. చిన్నపిల్లలు తినే వస్తువు అన్నారు, అంతే.

షాపు పోతే డబ్బు పోతుంది, దాని మొహం, ఎలాగో బతుకుతాం. మనిషి మళ్ళీ ఆ కుర్చీలోకి వెళ్ళిపోతారు. ఈసారి వెళితే ఇక లేవరు. నా భయమంతా అదే. అందుకే మర్నాటి నుంచి ఈయన ఏం రాసిచ్చినా, ఫోన్లో మాత్రం ముప్పైరెండింటికీ ‘సరిగా ఉంది’ నొక్కేశాను. రాసిన లోపాన్ని ఆ పూటే సరిచేసే మనిషి కదా, ఎవరికి ద్రోహం చేశాన్లే అని సర్దిచెప్పుకున్నాను.

రెండో నెల నోటీసు రాలేదు. మూడో నెలా రాలేదు. ఈయనకి ఎంత సంతోషమో. నిజం రాసేవాడికి విలువిచ్చే కంపెనీ అని, తన రాతలు పైన ఎవరో కూర్చుని శ్రద్ధగా చదువుతున్నారని, అందుకే రెండో నోటీసు పంపలేదని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. నేను కోన్‌లు పేర్చుకుంటూ తల వంచుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఏరియా మేనేజరు అద్దం బిగించిన పటం ఒకటి పట్టుకుని వచ్చాడు. ‘తొంభై రోజులు, లోపాలు సున్నా’ అని దాని మీద బంగారురంగు అక్షరాలు. ఈయన మూడుసార్లు చదివారు. పొరపాటున వేరేవాళ్ళది తెచ్చారేమో చూడమన్నారు. కౌంటరు కింద నుంచి ఫైలు తీసి, తన కాయితాలన్నీ మేనేజరు ముందు పరిచారు. మేనేజరు నా వైపు చూశాడు. నేను ఫ్రీజర్ వైపు చూశాను. వెంట్రుకంత పగులు పట్టే కళ్ళు ఆయనవి. మేమిద్దరం చూసిన చూపులు చాలు.

మేనేజరు వెళ్ళాక కాయితాలు వరసగా సర్ది, దారం కట్టి, “ఎప్పటి నుంచి?” అన్నారు.

నోటీసు వచ్చిన మర్నాటి నుంచి అని చెప్పాను. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. చాలాసేపు ఆ పటం వైపే చూసి, ఫ్యాక్టరీ టైపిస్టు నంబరు కలపమన్నారు. ఈయన చేత్తో రాసిన రిపోర్టులన్నీ టైపు కొట్టి పైకి పంపింది అతనే. ఈయనకి చెవి సరిగా వినపడదని స్పీకరు పెట్టాను. టైపిస్టు మహా సంబరపడ్డాడు, ఆరోగ్యం అడిగాడు, ఐస్‌క్రీమ్ తినడానికి వస్తానన్నాడు. అన్నీ అయ్యాక ఈయన అడిగారు.

“నేను రాసింది రాసినట్టే కొట్టేవాడివా?”



“అదేంటి సార్, మీకు తెలుసనే అనుకున్నాం. మీరు రాసినట్టే పంపితే నెలకి సగం సరుకు కూడా గేటు దాటేది కాదు. పైవాళ్ళు అంకె చెప్పేవారు, నేను కొట్టేవాణ్ణి. కింద మీ సంతకం రబ్బరు ముద్ర వేస్తే ఇంక ఎవరూ ప్రశ్న వేసేవారు కాదు సార్. అంత నమ్మకం మీరంటే.”

“నేను పక్కన పెట్టిన కుక్కర్లు ఏమయ్యేవి?”

“వెళ్ళిపోయేవి సార్.”

“ఎవరికైనా ఏమైనా అయిందా?”

“అవన్నీ ఇప్పుడెందుకులెండి సార్,” అన్నాడు టైపిస్టు.

ఇంటికొచ్చాక ఈయన తిన్నగా వంటింట్లోకి వెళ్ళారు. మా కుక్కరు కూడా ఆ ఫ్యాక్టరీదే. దాన్ని బోర్లించి, అడుగున ముద్రని బొటనవేలితో తడిమారు. మూత అంచు చుట్టూ వేలు పోనిచ్చారు. దీన్ని ఇంక వాడకు అన్నారు. ఆయన నోట నేను విన్న ఆఖరి వంక అదే. నేను పక్కన కూలబడి ఏడ్చాను. నేను చేసింది తప్పే, కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి కసితీరా తిట్టండి అన్నాను. నీ తప్పేం లేదు, బాగానే చేశావు అన్నారు. తిడితే ఎంత బాగుండేదో.

షాపు చక్కగా నడుస్తోంది. ఆ పటం గోడకి ఉంది. కాస్త పక్కకి ఒరిగింది, ఈయన సరిచెయ్యలేదు. ఫారం ఇప్పుడు ఆయనే పంపుతారు. స్టూలు మీంచి లేవకుండా, ఫ్రీజర్ వైపు చూడకుండా ముప్పైరెండూ నొక్కేస్తారు. వేలు ఒక్కటి కూడా తప్పదు. థర్మామీటరు మేకుకి వేలాడుతోంది. నీళ్ళు మార్చేదీ, ఫ్రీజర్లు చూసుకునేదీ నేనే. మొన్న రెండో ఫ్రీజర్ మూత రబ్బరు ఊడొచ్చి, డబ్బాల్లో ఐస్‌క్రీమ్ జారిపోతుంటే చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించాను. బాగానే ఉంది కదా అని వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నారు. కుర్చీకి భయపడి ఇంత చేశాను. స్టూలు సంగతి నాకు తట్టనేలేదు.

నిన్న కూరలో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. కంచం తోసెయ్యండి, ఇన్నేళ్ళొచ్చినా వంట రాలేదని అనండి అని లోపల్లోపల వేడుకుంటున్నాను. ఒక ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు.

“కూర ఎలా ఉంది?” అన్నాను.

“బాగుంది.”

ఉప్పు డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను. దాని వైపు కాసేపు చూశారు. నాకు కావాలనుకున్నారు కాబోలు, మూత తీసి నా కంచం పక్కకి జరిపారు.