ఏడువందల డాలర్ల ప్రసంగం

వెస్ట్ హార్లో ఊళ్ళోని యూనిటేరియన్ చర్చి సంఘంలో దేవుడున్నాడా లేడా అన్న సంగతి రెండువందల ఏళ్ళుగా తేలలేదు. తేల్చాలన్న తొందర కూడా ఎవరికీ లేదు. ఉన్నాడనేవాళ్ళూ లేడనేవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడతారు. తర్వాత కిందికి దిగి కాఫీ తాగుతారు. కాఫీ ఎంత చిక్కగా ఉండాలన్న దాని మీద మాత్రం పట్టుదలలున్నాయి.

ఏటా ఫిబ్రవరిలో, మంచు మోకాళ్ళదాకా పేరుకుపోయి ఎవరికీ ఎక్కడికీ కదలబుద్ధి కాని రోజుల్లో, ఈ సంఘం వేలంపాట పెడుతుంది. ఒకరు నెలకో ఆపిల్ పై చేసిపెడతానంటారు. ఇంకొకరు మీ కుక్కను షికారు తిప్పుతానంటారు. అందరికంటే చివర పాస్టరు ప్రసంగం వేలానికి వస్తుంది. ఎక్కువ పాడినవాళ్ళు ఏ విషయం చెబితే దాని మీద పాస్టరు డోరిన్ కెల్సో ఒక ఆదివారం మాట్లాడి తీరాలి. తొమ్మిదేళ్ళలో ఆమె తేనెటీగల మీద మాట్లాడింది, బేస్‌బాల్ మీద మాట్లాడింది, ఒకసారి నరకంలో చలి ఉంటుందా అన్న దాని మీద కూడా మాట్లాడింది. పాట ఎన్నడూ రెండువందల డాలర్లు దాటలేదు.

ఈ ఏడు హైరమ్ స్టాక్‌వెల్ లేచి మొదటి మాటే "ఏడు వందలు" అన్నాడు. హాలంతా నోరెళ్ళబెట్టింది. హైరమ్‌కి ఎనభై ఒక్కేళ్ళు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. దేవుణ్ణి నమ్మడు, ఒక టీ సంచితో రెండు కప్పులు కాచుకుంటాడు.

మర్నాడు పొద్దున్నే పాస్టరు ఇంటి మెట్ల మీద బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు.

"విషయం చెప్తా, రాసుకో," అన్నాడు కోటు విప్పకుండానే. "సంఘానికి రెండింట్లో ఒకదానికే స్తోమతుంటే దేన్ని ఉంచుకోవాలి? పాస్టర్నా, గురువారం భోజనాన్నా?"

డోరిన్ పెన్ను కింద పెట్టేసింది.

"మీకిది వేళాకోళంగా ఉందా హైరమ్?"

"ఏడొందలు పెట్టి వేళాకోళమాడే మొహమేనా నాది? ఇలా కూర్చో. నీ జీతం గురించి నువ్వు నోరెత్తకూడదని మన నిబంధన. సభలో ఆ మాటొస్తే లేచి వంటింట్లోకి పోవాలి. అవునా?"

"అవును."

"వేలంలో కొన్న విషయం మీద మాట్లాడి తీరాలి. అదీ నిబంధనే. రెండూ నేనే రాశాను, పంతొమ్మిదివందల ఎనభై ఆరులో. ఇన్నేళ్ళలో ఆ రెండింటి మధ్య కంత ఎవడూ కనిపెట్టలేదు. ఇరవై నిమిషాలు నీ తరఫున నువ్వే వాదించుకో. అడ్డుపడే హక్కు ఎవడికీ లేదు, నాక్కూడా."

"నాకోసం ఇంత డబ్బు..."

"నీకోసమని ఎవరన్నారు? నువ్వు పోతే ఆదివారాలు మనవాళ్ళే తలోసారి మాట్లాడతారట. మన అధ్యక్షుడు వెండెల్ తన నార్వే ప్రయాణం ఫొటోలు చూపిస్తాడు. ఈ వయసులో నాకా శిక్ష ఎందుకు?"

సంగతి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో ఊళ్ళో అందరికీ తెలుసు. కిందటి చలికాలంలో ఫార్నమ్ అక్కాచెల్లెళ్ళిద్దరూ నెల తేడాతో పోయారు. సంఘం ఖర్చులో పావువంతు వాళ్ళిద్దరే మోసేవాళ్ళు. సంఘ పెద్దలు ఇంటింటికీ తిరిగి, ప్రతి ఇంట్లో టీ తాగి, ఈ ఏడాదికి ఇంకాస్త ఇవ్వగలరా అని అడిగి వచ్చారు. ఇవ్వగలిగినవాళ్ళు కాస్త పెంచారు. మిగిలినవాళ్ళు ఇంకో కప్పు టీ పోశారు. ఆ పావు మాత్రం పూడలేదు.

ఇక రెండే దారులు మిగిలాయి. ఊళ్ళో ఎవరొచ్చినా కడుపునిండా పెట్టే గురువారం భోజనాన్ని నెలకోసారికి తగ్గించడం ఒకటి. పాస్టర్ని నెలకో ఆదివారానికి తగ్గించి, ఆమె ఉంటున్న సంఘం ఇంటిని అద్దెకిచ్చుకోవడం రెండోది. మే నెలలో వార్షిక సభ. అక్కడే ఓటు. జనం ఒకే వారంలో రెండుసార్లు రారు కాబట్టి ప్రసంగం కూడా ఆ ఆదివారానికే పెట్టారు.

డోరిన్‌కి యాభై ఏడేళ్ళు. ఇల్లు ఉద్యోగంతో వచ్చింది. ఆరోగ్య బీమా ఉద్యోగంతో వచ్చింది. రెండూ దాంతోపాటే పోతాయి. అరిగిన మోకాలితో ఉన్న పాస్టర్ని ఇంకో సంఘం ఏరికోరి పిలుస్తుందన్న భ్రమ ఆమెకు లేదు. అన్నిటికీ మించి ఆమెకు ఈ పని ఇష్టం. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

అనకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. అమెరికా ఈశాన్యపు కొసనున్న మెయిన్ రాష్ట్రంలో ఆమె పెరిగిన ఇంట్లో పిల్లలు రెండో ముక్క ఆపిల్ పై అడగడమంటే దొంగతనం కింద లెక్క. గురువారం భోజనం కోసమైతే ఆమె బ్యాంకు మేనేజర్ని పట్టుకుని కొత్త ఫ్రీజర్ కొనిపించింది. కిరాణా కొట్టు యజమాని ఎదురుగా కూర్చుని, వారానికి ఇరవై కోళ్ళకు ఒప్పుకునేదాకా లేవలేదు. ఇతరుల కోసం చెయ్యి చాపడానికి ఆమెకు కించిత్తు మొహమాటం లేదు. తన పడకగది కిటికీలోంచి తొమ్మిది చలికాలాలుగా గాలి కొడుతుంటే మాత్రం తువ్వాలు కుక్కుకుని పడుకుంది తప్ప పెద్దల చెవిన వెయ్యలేదు.

సభకు ముందు గురువారం ఆమె వంటింట్లో ఐరీన్ లబొంటేతో కూర్చుని బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. ఐరీన్‌ది ఈ సంఘం కాదు. నది అవతల కేథలిక్ చర్చికి వెళ్తుంది. ఈ వంటింట్లో ఆరు మంటల పొయ్యి ఉందని తెలిసి పన్నెండేళ్ళ కిందట వచ్చి చూసింది. అప్పట్నుంచి గురువారం తొంభై మందికి వండేది ఆమే.

"రాశారా పాస్టరమ్మా?"

"రాశాను. పన్నెండు పేజీలు."

"అందులో మీ గురించి ఎన్ని?"

"ఐదు."

"పదకొండు రాయాల్సింది. నా వంట సంగతి నేను చూసుకుంటాగా. నెలకోసారే పెట్టమంటే మిగతా గురువారాలు కుండ తీసుకెళ్ళి ఆ వెండెల్ గుమ్మంలో పెడతా. తొంభై మందీ అక్కడే తింటారు."

డోరిన్ నవ్వింది. "నాకోసం నేను అడుక్కోవడం బాగుండదు ఐరీన్."

"ఏం బాగుండదు? మా చర్చిలో మోకాళ్ళ మీద పడి మరీ అడుగుతాం. రోజూ అడుగుతాం. పిల్లాడి పరీక్షల దగ్గర్నుంచి మా ఆయన నడుంనొప్పిదాకా ఏదీ వదలం. మీవాళ్ళకి అడిగే అలవాటే పోయింది, అదీ మీ జబ్బు. ఆ దుంప ఇటివ్వండి, సగం దుంప తొక్కతోనే పోతోంది."

ఆ ఐదు పేజీలు మాత్రం డోరిన్ చెమటోడ్చి రాసింది. ఫార్నమ్ చెల్లెలి ఆఖరి రాత్రి ఆస్పత్రిలో పక్కన కూర్చున్నదెవరు? భోజనానికొచ్చే ఎవరింట్లో హీటర్ ఆగిపోయిందో కనిపెట్టి ఫోన్లు చేస్తున్నదెవరు? సర్దిచెప్పే మనిషి లేకపోతే ఈ సంఘం మూడేళ్ళలో కొట్టుకుని చీలిపోతుంది, దాంతో గురువారం భోజనమూ పోతుంది. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. పైగా గట్టి వాదన.

ఆదివారం హాలు నిండిపోయింది. మొదటి ఏడు పేజీలూ భోజనం గురించి. కాగితం మిల్లు మూతపడ్డాక మొట్టమొదటి గురువారం వచ్చిన పదకొండు మంది గురించి చెప్పింది. ముప్పై ఏళ్ళు అదే మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి, పళ్ళెం పట్టుకోవడానికి సిగ్గేసి, వచ్చిన రోజే గిన్నెలు కడుగుతానని పట్టుబట్టిన మనిషి గురించి చెప్పింది. ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. అధ్యక్షుడు వెండెల్ పార్క్‌హర్స్ట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

డోరిన్ ఎనిమిదో పేజీ తిప్పింది. పైన "ఇప్పుడు నా గురించి" అని ఉంది.

తలెత్తి చూసింది. అందరూ ఆమెకేసే చూస్తున్నారు. ఎంత మంచిగా చూస్తున్నారంటే, వాళ్ళ జేబులో చెయ్యి పెట్టబోతూ దొరికిపోయినట్టు ఆమెకు చెవులు కాలిపోయాయి. నోరు తెరిచింది. మూసి, కాగితాలు మడిచింది. చివరికి, "ఆ పైన సంగతి మీకే వదిలేస్తున్నాను," అని వెళ్ళి కూర్చుంది.

పప్పులో కాలేసింది అక్కడే. జనం దాన్ని త్యాగం అనుకున్నారు. త్యాగమూ కాదు, పాడూ కాదు, ఉట్టి సిగ్గు. కానీ బెంచీల్లోంచి చూసేవాళ్ళకు ఆ రెంటికీ తేడా ఏం తెలుస్తుంది? ఒకరు లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ లేచారు. ప్రసంగానికి చప్పట్లు కొట్టడం ఆ హాల్లో ఎవరికీ గుర్తులేదు.

సభ మొదలవగానే నిబంధన ప్రకారం ఆమె వంటింట్లోకి వెళ్ళింది. ఐరీన్ ఆ రోజు సభ తర్వాతి భోజనానికి చేపల సూపు చేస్తోంది. ఏం జరిగిందో విని గరిటె పక్కన పెట్టింది.

"ఐదు పేజీలూ మింగేశారా?"

డోరిన్ బ్రెడ్ బుట్ట దగ్గరికి లాక్కుంది. గోడ అవతల ఎవరో మాట్లాడారు, ఇంకెవరో మాట్లాడారు, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఓట్లు లెక్కపెడుతున్నారు. ఆమె బ్రెడ్ ముక్కలు బుట్టలో సర్ది, మళ్ళీ తీసి మళ్ళీ సర్దింది.

హైరమ్ వచ్చాడు. ఓటుకి ఎత్తే పసుపు కార్డు ఇంకా చేతిలోనే ఉంది.

"అరవై ఒకటి, పద్నాలుగు," అన్నాడు. "భోజనం ప్రతి గురువారం ఉంటుంది. నువ్వు నెలకో ఆదివారం. ఇల్లు ఆగస్టు లోపల ఖాళీ చెయ్యాలి."

ఐరీన్ తన ఇంటి భాష ఫ్రెంచిలో ఏదో తిట్టింది.

"పద్నాలుగులో మీరొకరు కదా," అంది డోరిన్. "సంతోషం హైరమ్."

హైరమ్ కార్డును అటూ ఇటూ తిప్పాడు. "కాదు."

"ఏంటీ?"

"పొద్దున లేచేదాకా నీవైపే. కానీ నువ్వు చెప్పింది విన్నాక, ఎటు నిజముంటే అటు వెయ్యాలి కదా. ఆ వైపు అంత బాగా చెప్పావు. నీవైపు ఒక్క ముక్క లేదు. చెప్పడానికేమీ లేదేమో అనుకున్నా."

"చెప్పడానికేమీ లేదా!" డోరిన్ గొంతు విని ఐరీన్ ఉలిక్కిపడింది. "నాకీ పని కావాలి! ఆ దిక్కుమాలిన ఇల్లు నాకు కావాలి! మీ పెళ్ళిళ్ళు చేశాను, మీవాళ్ళని పాతిపెట్టాను, మీ పోట్లాటలు తీర్చాను. నెలకోసారి వచ్చి కబుర్లు చెప్పిపోయే మనిషినా నేను? నేను లేకపోతే మూడేళ్ళలో మీలో మీరు కొట్టుకు చస్తారు, అప్పుడు భోజనమూ ఉండదు, ఏదీ ఉండదు. తొమ్మిదేళ్ళు ఆ పైన నిలబడి అరిచాను. ఒక్కరు మనసు మార్చుకున్న పాపాన పోలేదు. మార్చుకోవడానికి ఇవాళే దొరికిందా మీకు?"

"హమ్మయ్య," అంది ఐరీన్. "నోరుంది."

హైరమ్ కార్డు జేబులో పెట్టుకున్నాడు. "ఇది పొద్దున అనుంటే నేను అటు వేసేవాణ్ణి కాదు. ఇంకో ముప్పై మంది కూడా వేసేవాళ్ళు కాదు." గోడ గడియారం చూశాడు. "సభ ఇంకా ముగియలేదు. హాల్లో తివాచీ రంగు మీద కొట్టుకుంటున్నారు. గెలిచినవైపు ఓటేసినవాడు మళ్ళీ ఓటు పెట్టమని అడగొచ్చు, సభ ముగిసేలోపల. నేను గెలిచినవైపే వేశాను కదా, అడుగుతాను. నేను కొన్న ఇరవై నిమిషాల్లో ఇంకా కొన్ని బాకీ ఉన్నావు, కాబట్టి నిబంధన అడ్డురాదు. ముందు నువ్వొచ్చి ఇప్పుడన్నదంతా అను. తిట్లతో సహా."

"వెళ్ళండి పాస్టరమ్మా," అంటూ ఐరీన్ ఆమె చేతిలోని బ్రెడ్ బుట్ట లాక్కుంది. "వెళ్ళండి, వెళ్ళండి!"

డోరిన్ వెళ్ళింది. కోపం ఇంకా దిగలేదు, నడక కూడా కోపంగానే ఉంది. హాల్లో ఆమెను చూసి తివాచీ గొడవ ఆగిపోయింది.

"డోరిన్ ఒక మాట చెప్పాలట," అన్నాడు హైరమ్, వెనక వరసలో తన కుర్చీ దగ్గర నిలబడి. "అది వినండి. ఆ తర్వాత నేనొకటి అడుగుతాను."

"చెప్పు డోరిన్," అన్నాడు వెండెల్. "ఇవాళ నువ్వేం చెప్పినా వింటాం."

డెబ్భై అయిదు మొహాలు ఆమెవైపు తిరిగాయి. ఓటేసి మంచిపని చేశామన్న తృప్తి వాళ్ళ మొహాల్లో ఉంది. వాళ్ళను చూసి వాళ్ళే ఇంత గర్వపడటం ఆమె ఈ తొమ్మిదేళ్ళలో చూడలేదు. ముందు వరసలో కాన్‌స్టన్స్ హేల్ అనే ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, తడి కళ్ళతో ఆమెకేసి నవ్వింది.

"నాకు," అంది డోరిన్.

అందరూ ఆగి విన్నారు. ఆమె చెవులు మళ్ళీ కాలడం మొదలెట్టాయి.

"నాకు తెలిసి, సూపు సిద్ధంగా ఉంది. చల్లారకముందే అందరూ రండి."

హాలంతా నవ్వింది. ఎవరో "చూశారా, ఇప్పుడు కూడా మన గురించే!" అన్నారు. హైరమ్ నోరు తెరిచేలోపే వెండెల్ నవ్వుతూ సుత్తి తీసి బల్ల మీద కొట్టి సభ ముగించాడు. కుర్చీలు వెనక్కి జరిగాయి, జనం వంటింటివైపు కదిలారు. దారిలో ఒక్కొక్కరూ ఆగి ఆమెను కౌగిలించుకున్నారు. తన నోరు తనే కోసి పారెయ్యాలనిపించింది డోరిన్‌కి. ప్రతి ఒక్కరికీ "పర్వాలేదు, పర్వాలేదు" అని చెప్పి, గిన్నెలు అందించడానికి లోపలికి వెళ్ళింది.