ముక్కు చిట్లించిన ఊరు

గడ్డకట్టిన ధ్రువ సముద్రం మీద, సీలు అనే నీటి జంతువు గూటి మీది మంచును వేటగత్తె ఉలాయుక్ గొడ్డలితో పగలగొట్టాల్సి వచ్చింది. ఏటా అది చేత్తో తోస్తే రాలిపోయేది. లోపల సీలు పిల్ల బిగుసుకుపోయి చచ్చి ఉంది. బయటినుంచి వచ్చిన ఒక కంపెనీ పంపులు సముద్రపు నీళ్లు తోడి మంచు మీద పారించాయి. ఆ నీళ్లు గడ్డకట్టి, తల్లి పైకొచ్చే కన్నం కూడా మూసుకుపోయింది.

సీళ్లు లేకపోతే ఆ ఊరికి తిండి లేదు, చలికి బూట్లు లేవు. ఉలాయుక్ చచ్చిన పిల్లను స్లెడ్జి బండి మీద వేసుకుని తిన్నగా బడి హాలుకు వెళ్లింది.

అక్కడ మీటింగ్ జరుగుతోంది. మంచు మందంగా ఉంటే ఎండను వెనక్కి కొడుతుందనీ, భూమి చల్లబడుతుందనీ కంపెనీ అధికారి మెరెడిత్ గోడ మీద బొమ్మలు చూపిస్తోంది. ఉలాయుక్ నేల మీద అట్ట పరిచి పిల్లను పెట్టింది. వేట దొరికితే అలా పెట్టుకునే ఊరంతా కోసుకు తింటుంది. జనం చుట్టూ కూర్చున్నారు గానీ ఒక్కరూ కత్తి తీయలేదు.

"పంపులు పెట్టమంటారా అని మంచు పట్టకముందే ఇక్కడే అడిగాను కదా! ఒక్కరూ కాదనలేదు" అంది మెరెడిత్.

"అందరం ముక్కు చిట్లించాంగా!" అంది ఉలాయుక్.

ఆ ఊళ్లో కనుబొమలెగరేస్తే ఔనని, ముక్కు చిట్లిస్తే కాదని. మొహం మీదే వద్దన్నామనుకుని ఆనాడు అందరూ నిశ్చింతగా ఇళ్లకు పోయారు. చలికి చిట్లించారనుకుందట ఆ మహాతల్లి! అడిగి తెలుసుకుంటే ఏం పోయేది?

కంపెనీ పంపు దగ్గర పనిచేసే ఉలాయుక్ మేనల్లుడు జైపీటీ లేచాడు.

"అత్తా, మంచు పల్చబడబట్టే కదా మా నాన్న మునిగిపోయాడు! గట్టిపడితే నీకేం నొప్పి?"

ఉలాయుక్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాడు నా తమ్ముడు కాదట్రా? పల్చన చేసిందెవరు? వాళ్ల ఫ్యాక్టరీల పొగ కాదూ? పొయ్యి మాత్రం ఆర్పరంట, చల్లార్చడానికి మన వాకిలి కావాలంట. సీళ్లు పోయాక ఆ గట్టి మంచు మీద ఏం వేటాడతావురా?"

"పనిచేస్తుందో లేదో మాకూ పూర్తిగా తెలీదు. అందుకే ఈ పరీక్ష" అంది మెరెడిత్. అబద్ధమాడలేదు పాపం.

"మా బతుకుల మీదనా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

హాలు హాలంతా మంచు మీదకు నడిచింది. గొట్టాలు పెరికి ఒడ్డున పడేశారు. జైపీటీ చాలాసేపు పంపు పక్కనే నిలబడ్డాడు. అతనికి తండ్రి గుర్తొస్తూనే ఉన్నాడు. చివరికి తన చేత్తోనే దాన్ని ఆపేశాడు.

కంపెనీ ఫిర్యాదు మీద మర్నాడు పోలీసులు విమానంలో దిగి ఉలాయుక్‌కు బేడీలు వేశారు.

"ఈమెతో ఇంకెవరున్నారు?"

మేమూ ఉన్నామని ఊరంతా కనుబొమలెగరేసింది. ఇంకెవరూ లేరనుకుని పోలీసు వెనక్కి తిరిగాడు.

"నోరు విప్పండర్రా! ఒకసారి చేసిన తప్పు చాలు" అని కేకేసింది ఉలాయుక్.

"నేనున్నా" అన్నాడు జైపీటీ.

"నేనూ."

"నేనూ ఉన్నా, రాసుకో!"

ఆ విమానంలో సీట్లు నాలుగే. ఊరంతా వెళ్లి దాని ముందు వరస కట్టింది.